మోతాదు తప్పుగా వెళ్లిపోయింది, పోస్టరు గ్రూపుల్లో తిరుగుతోంది. సవరణ ఎలా వేయాలి?

నాలుగుకాళ్లు (ప్రశ్న)

కుక్కలు, పిల్లులు పెంచేవాళ్ల కోసం తెలుగులో ఆరోగ్య పత్రాలు తయారుచేస్తున్నాం. ఒక్కో విషయానికి నాలుగు పేజీల పీడీఎఫ్, ఒక పోస్టరు, చిన్న వీడియో. "తినకూడనిది తింటే" అన్న పత్రంలో ఈ వాక్యం వెళ్లింది:

"పెంపుడు జంతువు విషపదార్థం తింటే కిలో బరువుకు 1 మి.లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్ తాగించి వాంతి చేయించాలి."

మూలం అమెరికాది. అందులో పౌండుకు 1 మి.లీ., 3 శాతం ద్రావణం, కుక్కలకు మాత్రమే అని ఉంది. తెలుగులోకి వచ్చేసరికి పౌండు కిలో అయింది, 3 శాతం ఎగిరిపోయింది, కుక్క కాస్తా పెంపుడు జంతువైంది. పదకొండు రోజుల తర్వాత ఒక పాఠకుడు రాస్తే గానీ తెలియలేదు. పీడీఎఫ్‌లో "కిలోకు 2.2 మి.లీ., 3 శాతం, కుక్కలకు" అని దిద్దేశాం. పోస్టరు మాత్రం ఎన్ని వాట్సాప్ గ్రూపులకు పాకిందో లెక్కలేదు.

ఇప్పుడు ఏం చేయాలి? విడిగా సవరణ వేయాలా, దిద్దింది చాలా?

ఇంకో సంగతి. పాఠకుల నుంచి వచ్చేవన్నీ ఒకే సంచిలో పడుతున్నాయి. "మా కుక్క రోజూ ఉల్లిపాయ తింటుంది, ఏమీ కాలేదు" అని ఒకరు. "మీరు రేబిస్ టీకా 5 సార్లు అన్నారు, మాకు ఆసుపత్రిలో 4 సార్లే వేశారు" అని ఒకరు. "తినకూడనివాటిలో చింతపండు కూడా చేర్చండి" అని ఒకరు. వీటితోపాటు అచ్చుతప్పులు, జబ్బు పిల్లి ఫొటో పెట్టి మందు చెప్పమనేవాళ్లు. దేన్ని ముందు చూడాలి?

పశువైద్యం_తెనాలి

నాలుగుకాళ్లు గారూ, ముందు మీ దిద్దుబాటు సంగతి చూద్దాం, ఎందుకంటే అది కొత్త ప్రమాదం తెచ్చింది. కిలోకు 2.2 మి.లీ. లెక్కన 35 కిలోల లాబ్రడార్‌కు 77 మి.లీ. పోస్తారు. ఎంత పెద్ద కుక్కకైనా 45 మి.లీ. దాటకూడదు. ఆ హద్దు మీ పాత వాక్యంలోనూ లేదు, కొత్తదాంట్లోనూ లేదు. పాత తప్పు అంకెతో లాబ్రడార్‌కు 35 మి.లీ. పడేది, హద్దులోపలే ఉండేది!

చిన్న కుక్కల విషయంలో పాత అంకె వేరేలా దెబ్బతీస్తుంది. 10 కిలోల కుక్కకు 22 మి.లీ. కావాల్సిన చోట 10 పోస్తారు. తక్కువే కదా, పోయేదేముంది అనిపిస్తుంది. సగం కూడా లేని మోతాదుకు కుక్క కక్కకపోవచ్చు. ఇంటాయన మళ్లీ పోసి మరో పావుగంట ఎదురుచూస్తాడు. తిన్న ఎలుకలమందు కడుపు దాటి పేగుల్లోకి జారేది సరిగ్గా ఆ సమయంలోనే.

ఇక శాతం. అమెరికాలో ఇంటింటా ఉండే సీసా 3 శాతం. మన మందుల షాపులో పెరాక్సైడ్ అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు 6 శాతం. లేబుల్ మీద "20 వాల్యూమ్" అని కూడా ఉంటుంది, దాన్ని 20 శాతం అనుకునేవాళ్లున్నారు. 10 వాల్యూమ్ అంటే 3 శాతం, 20 అంటే 6. మూడు శాతమే కడుపు లోపొరను పుండు చేయగలదు, రెట్టింపు గాఢత గొంతు నుంచి కాలుస్తూ పోతుంది. "6 శాతానికి సమానంగా నీళ్లు కలిపితే 3 అవుతుంది" అన్న లెక్క నిజమే. అయినా పోస్టరు మీద వేయకండి. జుట్టు రంగు వేసేచోట 40 వాల్యూమ్, అంటే 12 శాతం ఉంటుంది, ల్యాబుల్లో 30 శాతం ఉంటుంది. చదివినవాడికి "సగం నీళ్లు" ఒక్కటే గుర్తుంటుంది.

పిల్లికైతే ఇంట్లో పెరాక్సైడ్ పట్టించే మోతాదంటూ లేదు, కడుపులో రక్తస్రావం అవుతుంది. కిరోసిన్, యాసిడ్, టాయిలెట్ క్లీనర్ లాంటివి తాగిన కుక్కను కక్కించకూడదు. మత్తుగా ఉన్నదాన్ని, ఫిట్స్ వస్తున్నదాన్ని, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్ని ఇంట్లో కక్కిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదీ మీ వాక్యంలో లేదు.

కాబట్టి అంకె మార్చడం కాదు, అంకెనే తీసేయండి. దాని స్థానంలో ఇలా ఉండొచ్చు: "ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది, బరువెంత, ఈ నాలుగూ చెబుతూ వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. ప్యాకెట్ పారేయకుండా తీసుకెళ్లండి. డాక్టరు చెప్పకుండా కుక్కను కక్కించకండి. పిల్లిని ఇంట్లో అసలు కక్కించకండి." ఉప్పునీళ్లు వద్దని కూడా రాయండి. పెరాక్సైడ్ వద్దనగానే జనం ఉప్పు డబ్బా వైపే వెళ్తారు. రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి. ఆసుపత్రిలో కుక్కకు అపోమార్ఫిన్ ఇస్తే నిమిషాల్లో కక్కుతుంది, కొలతల గొడవ ఉండదు.

మూలంలోని అమెరికా హెల్ప్‌లైన్ నంబరు కూడా అలాగే ఉండిపోయిందేమో ఓసారి చూసుకోండి. సాధారణంగా ఉండిపోతుంది.

అచ్చుతప్పు

డాక్టరుగారు వైద్యం చెప్పారు, నేను అచ్చు సంగతి చెబుతాను.

తప్పుల్ని ఎవరు ఎంత గట్టిగా అరిచారన్నదాన్ని బట్టి కాదు, ఆ వాక్యం నమ్మినవాడి ఇంట్లో ఏం జరుగుతుందన్నదాన్ని బట్టి విడదీయాలి. మోతాదు, గాఢత, ఏ జంతువు, నోటి ద్వారానా ఇంజెక్షనా, "రేపటిదాకా చూడొచ్చు" అన్న మాట: ఈ ఐదింట్లో దేనిమీద ఫిర్యాదొచ్చినా ముందు ఆ పేజీ దించేయండి, తర్వాత నిజమో కాదో తేల్చుకోండి. పాఠకుడిది పొరపాటైతే సాయంత్రం మళ్లీ ఎక్కించొచ్చు, నష్టం పూట మాత్రమే. కుక్క మామూలు ఉష్ణోగ్రత, టీకాల వయసు లాంటివి వారంలోపు తేల్చొచ్చు. అయితే ఇవీ పైకి కనిపించేంత అమాయకం కాదు. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలైన కుక్కకు "98.6" అని రాస్తే, బాగున్న కుక్కకు జ్వరమనుకుని బిళ్ల వేస్తారు. వత్తులూ దీర్ఘాలూ నెలకోసారి కూర్చుని దిద్దుకోవచ్చు.

సవరణలో నాలుగు సంగతులుండాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తప్పు ఉంది, సరైనదేమిటి, తప్పేమిటి, దాని ప్రకారం ఇప్పటికే చేసినవాళ్లు ఇప్పుడేం చేయాలి. నాలుగోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. సవరణ అసలు ఎవరి కోసమో వాళ్లకే అది. సరైనది ముందు, తప్పు తర్వాత, అదీ ఒక్కసారే. శీర్షికలో తప్పు అంకె పెడితే అదే నోట్లో ఆడుతుంది. "పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాం" అని మాత్రం రాయకండి. పొరపాట్లు వాటంతటవి దొర్లవు, మనమే దొర్లిస్తాం. "తప్పు రాశాం" అంటే చాలు.

పోస్టరు అసలు చిక్కు. మీ గ్రూపులో పెట్టినదాన్ని అందరికీ కనపడకుండా తీసేయడానికి వాట్సాప్ రెండున్నర రోజులే ఇస్తుంది. ఆలోపు తీసేసినా, వేరేచోటికి ఫార్వర్డ్ అయిన నకలు అలాగే ఉంటుంది. కాబట్టి కొత్త పోస్టరు పాతదాన్ని తరుముకుంటూ పోవాలి. ఒకే రంగు, ఒకే బొమ్మతో మళ్లీ చేస్తే "ఇది చూశాంగా" అని దాటేస్తారు. రంగు మార్చండి. పాత పోస్టరును చిన్నగా చేసి మీద ఎర్ర అడ్డగీత వేసి, "ఇది మీ గ్రూపులో ఉంటే, కింద ఉన్నది అక్కడే పెట్టండి" అని రాయండి. పాతదాంట్లోని అంకె చదవడానికి వీల్లేనంత మసకగా ఉండాలి, లేకపోతే ఎవరో ఆ సగం కత్తిరించి పంపుతారు. ఇకమీదట ప్రతి పోస్టరు మూలనా నెల, సంవత్సరం, కూర్పు సంఖ్య వేయండి. మోతాదులు పోస్టరు మీద ఎక్కించనే వద్దు. దిద్దే వీలులేని చోట దిద్దాల్సి వచ్చే అంకె ఉండకూడదు.

ఒక రిజిస్టరు కూడా పెట్టండి, ఎక్సెల్ షీటు చాలు. ఫిర్యాదు తేదీ, మన వాక్యం ఉన్నదున్నట్టు, పాఠకుడి మాట, ఎవరు సరిచూశారు, ఏం తేల్చారు, చివరగా ఆ వాక్యం ఇంకా ఎక్కడెక్కడ ఉంది. ఆ చివరి గడి కోసమే ఈ రిజిస్టరంతా. పీడీఎఫ్ దిద్దుతారు, వీడియోలో అదే మాట వినపడుతూనే ఉంటుంది. యూట్యూబ్‌లో ఎక్కించిన వీడియో ఫైలును అదే లింకు మీద మార్చలేరు. ఎడిటర్‌లో ఆ ముక్క కత్తిరించొచ్చు, కుదరకపోతే తీసేసి కొత్తది పెట్టడమే. విషం మోతాదు విషయంలో "వివరణలో సవరణ రాశాం" అంటే సరిపోదు, వివరణ తెరిచి చదివేవాళ్లు తక్కువ.

పిల్లికూన_22

ఒక సందేహం. ఇంత హడావుడి చేస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది కదా? నిశ్శబ్దంగా దిద్దేసి ముందుకెళ్తే ఎవరికీ తెలియదు. సవరణ చూసి "వీళ్లకేమీ తెలియదు" అని మొత్తం పత్రాలే పక్కన పడేస్తారు.

పశువైద్యం_తెనాలి

వత్తు తప్పైతే అలాగే చేయండి, నిశ్శబ్దంగా. ఇక్కడ కుదరదు. ఈ పదకొండు రోజుల్లో పెరాక్సైడ్ పట్టించిన ఇల్లు ఒక్కటున్నా, ఆ కుక్క కాఫీపొడి రంగులో కక్కితే, తారులా నల్లగా దొడ్డికి పోతే, మెతుకు ముట్టకపోతే, తిన్న విషం వల్లేనని వాళ్లు అనుకుంటారు. మందువల్ల కూడా కావచ్చని వాళ్లకు చెప్పేది మీ సవరణే. డాక్టరు దగ్గర "పెరాక్సైడ్ ఇచ్చాం" అని చెబితేనే వైద్యం అటు తిరుగుతుంది.

ఇక నాలుగుకాళ్లు గారి సంచిలో మిగిలినవి.

ఉల్లిపాయ పాఠకుడితో వాదించకండి, ఆయన చూసింది నిజమే. కుక్కల్లో రక్తంలో మార్పు కనిపించేది కిలోకు 15 నుంచి 30 గ్రాముల దగ్గర. 10 కిలోల కుక్క ఒకేసారి 150 గ్రాములు తినాలి, అంటే మాదిరి ఉల్లిపాయలు రెండు. ఒక ముక్కకు ఆ రోజు ఏమీ కాదు. కానీ ఎర్రకణాలు చితికేది తిన్న కొన్ని రోజులకు, రోజూ కొంచెం కొంచెం పెట్టినా రక్తం తగ్గుతూ రావచ్చు. పిల్లికైతే కిలోకు 5 గ్రాములే చాలు. ఇదే ఆయనకు రాయండి, చిగుళ్లు పాలిపోయాయేమో, మూత్రం ముదురు రంగులో వస్తోందేమో చూసుకోమనండి. "ఉల్లి విషం" అని రెండు ముక్కల్లో తేల్చి ఎంత, ఎప్పుడు అన్నవి రాయలేదు కాబట్టే ఈ ఉత్తరం వచ్చింది.

రేబిస్ ఉత్తరంలో మీరూ తప్పు కాదు, ఆయనా తప్పు కాదు. కుక్క కరిచిన మనిషికి టీకా కండలోకి ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు సార్లు. చర్మంలోకి ఇస్తే 0, 3, 7, 28, నాలుగు సార్లు, ప్రతిసారీ రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పున. ఇంతకుముందు పూర్తి కోర్సు వేయించుకున్నవాళ్లకు 0, 3 రోజుల్లో రెండే. మీరు మొదటిది ఒక్కటే రాశారు. దీన్ని సవరణ అనకండి, వివరం చేర్చాం అనండి, కానీ వెంటనే చేర్చండి. ఎందుకంటే ఈ అనుమానంతో మనిషి ఆసుపత్రి మీద నమ్మకం పోగొట్టుకుని చివరి డోసు మానేస్తాడు. ఆ పేజీలోనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగడం, పసుపూ కారం పెట్టకూడదన్నది ఉన్నాయో లేదో చూడండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయం ఇంకా పోలేదు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004లోనే ఆగిపోయింది.

చింతపండు అడిగినవారు బాగా చదివినవారే. ద్రాక్ష, కిస్మిస్ కుక్క కిడ్నీని ఎందుకు దెబ్బతీస్తాయో చాలాకాలం తెలియలేదు. అది టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికా విషవైద్యులు 2021లో ప్రతిపాదించారు, ఆ తర్వాత చింతపండు తిన్న కుక్కల్లో కూడా అలాంటి కిడ్నీ దెబ్బను నమోదు చేశారు. చేర్చండి, కానీ "కిడ్నీ దెబ్బతిన్న కేసులున్నాయి, చింతపండు ఉండ మింగితే డాక్టరుకు ఫోన్ చేయండి" అన్నంతవరకే. ఎంత తింటే ప్రమాదమన్న అంకె కిస్మిస్‌కే లేదు, చింతపండుకు మీరు కల్పించొద్దు. ఇది "తాజా సమాచారం" కింద వెళ్లాలి. సవరణల్లో కలిపేస్తే నిన్నటిదాకా మీరు తప్పు రాసినట్టవుతుంది.

పిల్లి ఫొటోలకు మందు చెప్పకండి. 1984 భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం చికిత్స చెప్పాల్సింది నమోదైన పశువైద్యులే. అయితే "డాక్టరును కలవండి" అన్న ఒక్క ముక్కతో వదిలేయొద్దు, ఆ రాత్రే వెళ్లాలా అన్నది చెప్పండి. "మా మగపిల్లి ముక్కుతోంది, మలబద్ధకం, ఆముదం పోయొచ్చా?" అన్న ఉత్తరం వస్తే, అసలు కష్టం మూత్రం దిగకపోవడం కావచ్చు. చుక్క రాకపోతే అది అదే రోజు ప్రాణం మీదకొచ్చే సంగతి. ఇలాంటివి రెండు మూడొస్తే మలబద్ధకం పత్రంలో మొదటి వాక్యం మార్చాలి: "ముందు ఇసుక తట్టలో మూత్రం తడి ఉందో లేదో చూడండి."

మందులకొట్టు

మోతాదులు ఎక్కడో ఒకచోట రాయకతప్పదు కాబట్టి, తెలుగులో అవి ఎక్కడ తేలిపోతాయో చెబుతాను.

"మి.గ్రా.", "మి.లీ." మధ్య తేడా ఒక్క అక్షరం. "మై.గ్రా." కూడా చేరితే చూపు జారిపోతుంది, అదేమో వెయ్యి రెట్లు. మోతాదున్న చోట పొడి అక్షరాలు మానేసి మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు అని నిండుగా రాయండి. అంకె ఒక పంక్తి చివర, కొలత మరుసటి పంక్తి మొదట పడకుండా చూసుకోండి. ".1" అని రాస్తే ఫొటోకాపీలో చుక్క పోయి 1 మిగులుతుంది, 0.1 అని రాయాలి. "1.0" అని రాస్తే చుక్క పోయి 10 అవుతుంది, ఒట్టి 1 రాయాలి.

మి.లీ.లో మోతాదు రాసి గాఢత రాయకపోతే అది మోతాదే కాదు. నొప్పి తగ్గించే మెలాక్సికామ్ ద్రావణం కుక్కలకు మి.లీ.కి 1.5 మి.గ్రా., పిల్లులకు 0.5 మి.గ్రా. ఉన్నవి వస్తాయి, మూడింతల తేడా. పిల్లల పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 ఉండొచ్చు, 250 ఉండొచ్చు, చుక్కల మందైతే ఒక్క మి.లీ.లోనే 100. "ఒక స్పూను" అని రాసే అలవాటైతే పూర్తిగా వదలాలి.

ఇంకొకటి మన వాక్యం తీరులోనే ఉంది. "కిలోకు 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు" అంటే పూటకు పదా, రెండు పూటలకూ కలిపి పదా? పిడుదు జ్వరానికి డాక్సీసైక్లిన్ కిలోకు పూటకు 5 మి.గ్రా. చొప్పున రెండు పూటలు, లేదా ఒకే పూట 10, మొత్తం 28 రోజులు. పై వాక్యాన్ని చదివి రెట్టింపు వేసినవాడిని తప్పుపట్టలేం. "పూటకు" అన్న మాట చేరిస్తే గొడవ తీరుతుంది.

మీ పోస్టరు కింద ఎవరైనా "మా పిల్లికి జ్వరమొస్తే పారాసిటమాల్ సగం బిళ్ల వేస్తాం" అని రాస్తే, పాఠకుడి అనుభవం కదా అని ఉంచకండి. 500 బిళ్లలో సగమంటే 4 కిలోల పిల్లికి కిలోకు 60 మి.గ్రా. పైన. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు, రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. సురక్షితమైన మోతాదంటూ లేదు. ఆ మాట తీసేసి, ఎందుకు తీసేశారో అదే చోట రాయండి. తీసేసి ఊరుకుంటే మర్నాడు ఇంకొకరు అదే రాస్తారు.

నాలుగుకాళ్లు

అందరికీ ధన్యవాదాలండీ. అంకెలున్న పీడీఎఫ్ దించేశాం, వీడియో కూడా. సవరణ ఇలా రాశాం, చూడగలరు:

"సవరణ: 'తినకూడనిది తింటే' పత్రం, పోస్టరు, వీడియోలో 3 నుంచి 14వ తేదీ వరకు హైడ్రోజన్ పెరాక్సైడ్ మోతాదు తప్పుగా ఇవ్వబడింది. డాక్టరు చెప్పకుండా కుక్కను కక్కించకండి, పిల్లిని ఇంట్లో అసలు కక్కించకండి. మేము కిలోకు 1 మి.లీ. అని, పెంపుడు జంతువులన్నిటికీ అని రాశాము. ఇప్పటికే తాగించినవారు జంతువును గమనించగలరు."

అచ్చుతప్పు

మూడు చోట్ల చేయి పెట్టాలి. "ఇవ్వబడింది" తీసేసి "తప్పు రాశాం" అనండి. 14న మీరు ఎక్కించిన 2.2 కూడా తప్పే కదా, అది దించిన తేదీ దాకా రావాలి, ఆ అంకెను కూడా ఒప్పుకోవాలి. చివరి వాక్యంలో "గమనించగలరు" అంటే ఏం గమనించాలి? "తాగించి ఉంటే, వాంతిలో రక్తం గానీ కాఫీపొడి రంగు గానీ కనిపించినా, దొడ్డికి నల్లగా పోయినా, తిండి మానేసినా అదే రోజు డాక్టరుకు చూపించి, పెరాక్సైడ్ ఎంత ఇచ్చారో, సీసా మీద ఎంత శాతం ఉందో చెప్పండి. పిల్లికి తాగించి ఉంటే లక్షణాల కోసం ఆగకుండా తీసుకెళ్లండి." ఈ రెండు వాక్యాలు చివర్నుంచి తీసి పైకి, తేదీల కిందికి తెచ్చేయండి.